లోకల్ బండి, లైన్ బండి

విశాఖ పోర్టులో దిగిన సరుకును మోసే బండ్లు గేటు దాటగానే రెండుగా చీలిపోతాయి. కొన్ని ఊళ్లోనే తిరుగుతాయి. బెర్తు నుంచి స్టాక్ యార్డుకి, కంటైనర్ టెర్మినల్ నుంచి గోదాముకి, షీలానగర్, గాజువాక, ఆటోనగర్ల మధ్య వాటి బతుకు. వాటిని నడిపే డ్రైవరు రాత్రి ఎంత పొద్దుపోయినా ఇంటికి చేరతాడు. మిగిలిన బండ్లు విజయనగరం మీదుగా సాలూరు దారి పట్టి, కొండెక్కి, కోరాపుట్, జయపురం, జగదల్‌పూర్ దాటి రాయపూర్ పోతాయి. ఆ డ్రైవరు ఇంటికి ఎప్పుడొస్తాడనేది లోడు ఎప్పుడు దిగుతుందో, తిరుగు లోడు ఎప్పుడు దొరుకుతుందో దాన్నిబట్టి ఉంటుంది. మొదటిదాన్ని లోకల్ అంటారు, రెండోదాన్ని లైన్ అంటారు. హెవీ లైసెన్సు చేతికొచ్చిన ప్రతి కుర్రాడూ ఈ రెంటిలో ఏదో ఒకటి తేల్చుకోవాల్సిందే.

ఆ తేల్చుకోవడంలో మాట ఎప్పుడూ జీతం, బత్తా, ఇల్లు చుట్టూనే తిరుగుతుంది. లైన్‌లో నాలుగు డబ్బులు ఎక్కువ, లోకల్‌లో ఇంటి అన్నం. నిజమే, కాదనను. పనితనం ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. పైగా లైన్ తిరిగినవాడే అసలు డ్రైవరనీ, లోకల్ అంటే వయసు మీరినవాళ్లకీ చెయ్యి తిరగనివాళ్లకీ అనీ ఒక అభిప్రాయం ఈ వృత్తిలోనే పాతుకుపోయి ఉంది. దాన్ని నేను ఒప్పుకోను. దగ్గర నిలబడి చూస్తే ఇవి రెండు వేరు విద్యలు. ఒకటి బాగా వచ్చినంత మాత్రాన రెండోది వచ్చినట్టు కాదు.

ముందు లోకల్ సంగతి చూద్దాం. కంటైనర్ యార్డులో నలభై అడుగుల ట్రైలర్‌ని వెనక్కి పెట్టే మనిషిని కాసేపు గమనిస్తే ఆ చేతుల మీద గౌరవం దానంతటదే కలుగుతుంది. మామూలు లారీ వెనక్కి పోయేటప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పితే తోక అటే పోతుంది. ట్రైలర్‌ది తిరకాసు వ్యవహారం. ముందు ఇంజను బండి వేరు, వెనక ట్రాలీ వేరు, మధ్యలో కీలు. ట్రాలీ తోక ఎడమకి పోవాలంటే స్టీరింగ్ కుడికి కొట్టాలి. అక్కడితో అయిపోదు. ఒకసారి తోక తిరగడం మొదలుపెట్టిందంటే ఇక మెలి పెరుగుతూనే పోతుంది. కాబట్టి కుడికి కొట్టిన స్టీరింగ్‌ని అంతలోనే ఎడమకి తెచ్చి, ఇంజను కూడా ఆ తోక వెంటే వచ్చేట్టు చూసుకోవాలి. ఆ క్షణం దాటిపోతే ఇంజనూ ట్రాలీ ఒకదాని మీదికి ఒకటి ముడుచుకుంటాయి. ఇక ముందుకి లాగి మళ్లీ మొదలుపెట్టడమే.

కొత్తవాడు స్టీరింగ్ ఎక్కువ తిప్పుతాడు, తిప్పింది సరిచెయ్యడానికి ఇంకా ఎక్కువ తిప్పుతాడు. చెయ్యి తిరిగినవాడి స్టీరింగ్ కదిలినట్టే అనిపించదు. అంతా చిన్న చిన్న సర్దుబాట్లు. అసలు అతని పనితనంలో సగం వెనక్కి వెయ్యకముందే పూర్తయిపోతుంది. మన బండ్లలో డ్రైవరు కూర్చునేది కుడివైపు. కుడికి వంపు తిరుగుతూ వెనక్కి పోతే కిటికీలోంచి తల బయటపెట్టి ట్రాలీ చివరి చక్రం దాకా చూసుకోవచ్చు. ఎడమకి వంపు తిరిగితే ఇంజను పక్కకి మళ్లిపోయి, ఎడమ అద్దంలో పనికొచ్చేది ఏదీ కనపడదు. తెలిసిన డ్రైవరు యార్డులోకి వస్తూనే జాగా చూసుకుని, ఒక చుట్టు ఎక్కువ తిరిగైనా సరే, కుడిచేతి వంపు దొరికేట్టు బండి తెచ్చి నిలబెడతాడు. చూసేవాళ్లకి ఊరికే తిరిగినట్టు కనిపించే ఆ చుట్టులోనే అతని అనుభవమంతా ఉంది.

ట్రాలీ నాలుగు మూలలా కంటైనర్‌ని పట్టి ఉంచే ట్విస్ట్ లాకులు ఉంటాయి. పెట్టె ఎక్కగానే నాలుగూ బిగించాలి, దించే ముందు నాలుగూ విప్పాలి. మూడు విప్పి ఒకటి మరిచిపోతే క్రేన్ పెట్టెతో పాటు ట్రాలీని కూడా గాల్లోకి లేపుతుంది, దానికి తగిలించిన ఇంజనుకీ అందులో కూర్చున్న మనిషికీ ముప్పే. మంచి లోకల్ డ్రైవరు ఇంకొకరికి విప్పమని చెప్పినా ఊరుకోడు. తను దిగి, బండి చుట్టూ నడిచి, ఒక్కో లాకు మీదా చెయ్యి వేసి చూస్తాడు. పొద్దున మొదటి ట్రిప్పులో ఎలా చూస్తాడో, అలిసిపోయిన ఆఖరి ట్రిప్పులోనూ అలాగే చూస్తాడు. నాకు ఆ ఆఖరి ట్రిప్పులో చూడటమే గొప్పగా అనిపిస్తుంది. ఒకే పని రోజంతా చేసే మనిషికి వచ్చే మొదటి జబ్బు, చేశాననుకోవడం.

ఇక ఊళ్లో ఎడమ మలుపు. ట్రైలర్ ఎడమకి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిన రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. అందుకని డ్రైవరు ముందు కాస్త కుడికి జరిగి, వెడల్పుగా తిరగాలి. అలా కుడికి జరగ్గానే ఎడమవైపు కొంచెం ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ చూసి ఏ మోటార్ సైకిలో ఆటోనో అందులో దూరుతుంది. కాన్వెంట్ జంక్షన్ నుంచి గాజువాక దాకా తిరిగే డ్రైవర్లకి ఇది నిత్యకృత్యం. దూరే బండిని దూరకముందే పసిగట్టాలి. అద్దం ఒకసారి చూసి తిరిగేస్తే కుదరదు. మలుపు తిరుగుతున్నంతసేపూ కళ్లు ఎడమ అద్దానికీ రోడ్డుకీ మధ్య తిరుగుతూనే ఉండాలి. రోజంతా ఇంత జాగ్రత్తగా బండి నడిపిన మనిషిని 'ఊళ్లోనే కదా' అని తీసిపారెయ్యడం అన్యాయం.

టిప్పరుది మరో లెక్క. తడిసిన బొగ్గు ఒక పక్కనే అంటుకుని ఉండిపోతే, తొట్టి పైకి లేచేకొద్దీ బరువు ఆ పక్కకే ఒరుగుతుంది. నేల చదునుగా ఉందా, పైన కరెంటు తీగలున్నాయా, వెనక తలుపు గొళ్లెం వీడిందా అని చూసుకోకుండా తొట్టి లేపే డ్రైవరు పక్కన యార్డులో ఎవరూ నిలబడరు.

లైన్ పనిలోకి వద్దాం. అది రోడ్డెక్కాక మొదలవుతుందని మనం అనుకుంటాం. నిజానికి పట్టా కట్టడంతోనే మొదలవుతుంది. ఎరువుల బస్తాలు వేసిన పది టైర్ల లారీకి రెండు పట్టాలు కప్పాల్సి వస్తే వెనకది ముందు పరిచి, ముందుది దాని అంచు మీదికి వచ్చేట్టు తర్వాత పరుస్తారు. పెంకుటింటి మీద పెంకు పరిచినట్టే. ఇది తిరగబడితే ఎదురుగాలి ఆ సందులో దూరి పట్టాను లేపేస్తుంది, దాని వెనకే వాన నీళ్లు దిగుతాయి. తాడు ఒక కొక్కెం నుంచి ఎదుటి కొక్కేనికి వేసి, మధ్యలో ఒక మెలిక వేసి, ఆ మెలికలోంచి కొస లాగి ఒంటి బరువంతా వేసి గుంజుతారు. మెలిక ఉండటం వల్ల మనిషి బలానికి మించిన బిగువు వస్తుంది. కొస ఒక్క గుంజుతో ఊడిపోవాలి, దారిలో మాత్రం దానంతటది వదులు కాకూడదు. రెండూ కుదిరేలా ముడి వెయ్యడం చేతికి పట్టుబడాలంటే ఎన్నో లోడ్లు కట్టాలి. బస్తాలు సర్దుకుంటాయి కాబట్టి కొంత దూరం పోయాక ఆగి మళ్లీ బిగిస్తారు. ఇది లైన్ బండి మర్యాద.

ఆగిన ప్రతిచోటా టైర్లు చూస్తారు. వెనక జంట టైర్లలో లోపలిది కంటికి ఆనదు. గాలి తగ్గినా పక్క టైరు మోస్తుంటుంది కాబట్టి బండి చెప్పదు. అందుకే చేతిలో రాడ్డు. ఒక్కో టైరునీ కొట్టి వింటారు. నిండుగా ఉన్న టైరు రాడ్డును ఎగరగొట్టి గట్టిగా పలుకుతుంది, తగ్గిన టైరు మొద్దుగా పలుకుతుంది. ఆ తర్వాత చక్రం మధ్య హబ్ దగ్గరకి చెయ్యి తిప్పి, అరచేతి వెనక వైపు ఆనించి చూస్తారు. మిగతావాటి కన్నా ఒకటి వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉండొచ్చు, లేదా బేరింగ్ పోతుండొచ్చు. రాడ్డు కొట్టి, చెవితో విని, చేత్తో వేడి చూసి బండి బాగోగులు తేల్చే ఈ పద్ధతి ఏ పుస్తకంలోంచీ రాలేదు. క్లీనరు డ్రైవర్ని చూసి నేర్చుకున్నాడు.

ఇక సాలూరు ఘాట్. వెళ్లేటప్పుడు లోడుతో ఎక్కడం ఓర్పుకి పరీక్ష. అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలో, రాయపూర్ వైపు నుంచి బియ్యం వేసుకుని సుంకి నుంచి సాలూరుకి దిగేటప్పుడు. పది టైర్ల లారీ మొత్తం బరువుకి 25 టన్నులున్న హద్దును 2018లో 28.5 టన్నులకి పెంచారు. ఆ బరువు కొండ మీద నుంచి కిందికి తోస్తుంటే ఆపేది బ్రేకు పెడల్ అనుకున్నవాడు చెడ్డాడు. పెడల్ తొక్కిపట్టి దిగితే డ్రమ్ములు కాలిపోతాయి. వేడికి డ్రమ్ము వ్యాకోచించి లైనర్‌కి దూరం జరుగుతుంది, లైనర్ కూడా పట్టు తప్పుతుంది. ముందు కాలిన వాసన వస్తుంది, తర్వాత పెడల్ తొక్కినా బండి ఆగదు. మాటిమాటికీ తొక్కితే గాలి కూడా ఖర్చవుతుంది. లారీ బ్రేకులు గాలితో నడుస్తాయి. వెనక చక్రాల దగ్గర స్ప్రింగులుంటాయి. గాలి వాటిని నొక్కిపట్టి ఉంచినంతసేపే చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది. గాలి బాగా పడిపోతే స్ప్రింగులు వాటంతటవే బ్రేకు వేసేస్తాయి. ఆ పని మలుపులో జరిగితే బండి ఎటు పోతుందో డ్రైవరు చేతిలో ఉండదు.

తెలిసినవాడు కొండ పైనే, దిగుడు ఇంకా మొదలుకాకముందే బండి ఆపుతాడు. గాలి ముల్లు నిండుగా ఉందో లేదో చూస్తాడు. టైర్లు చూస్తాడు. తక్కువ గేరు వేసి, ఎగ్జాస్ట్ బ్రేకు పెట్టి, ఇంజనే బండిని పట్టి ఉంచేట్టు దిగడం మొదలుపెడతాడు. వేగం పెరిగితే పెడల్‌ని ఒకసారి గట్టిగా తొక్కి, వేగం తగ్గగానే పూర్తిగా వదిలేస్తాడు. ఆ వదలడంలోనే డ్రమ్ము చల్లారుతుంది. గాజువాకలో ఒక పాత డ్రైవరు తన పక్కన కూర్చున్న కుర్రాడికి చెప్పిన మాట నాకు బాగా గుర్తుండిపోయింది. "ఒరే, ఎక్కిన గేరులోనే దిగాల. మద్దిలో మారుస్తానంటే కొండ ఒప్పుకోదు." ఆ కుర్రాడు, "మరి న్యూట్రల్‌లో డీజిల్ కలిసొస్తాది కదా గురూగారూ" అన్నాడు. "కలిసొచ్చిన డీజిల్ లోయలో పొయ్యడానికేటి?" అన్నాడు పెద్దాయన. దిగుడులో మధ్యన గేరు తీస్తే, మళ్లీ పడకపోవచ్చు. అప్పుడు బండి పూర్తిగా కొండ చేతిలో ఉంటుంది. ఆయన చెప్పింది ఆ ఒక్క ముక్కే.

ఘాట్ దిగేవాడికి ఇంకో ధర్మం ఉంది. ఎక్కే బండికి దారివ్వాలి. నిబంధనల్లోనూ అదే ఉంది. లోడుతో ఎక్కుతున్న బండి ఒకసారి ఆగిందంటే మళ్లీ కదలడం నరకం. సాలూరు అయ్యాక ఈ దారిలో కేశ్‌కాల్ ఘాట్ కూడా ఉంది, పన్నెండు మలుపులకి పేరుపడ్డది. అక్కడ ఒక బండి ఆగిపోతే వెనక ఎన్ని ఆగుతాయో చూసినవాళ్లు దారివ్వడంలో తాత్సారం చెయ్యరు.

లైన్ విద్యలో అన్నిటికన్నా కష్టమైనది, బయటికి కనపడనిది నిద్ర. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 16 మీటర్లు దాటి పోతుంది. నాలుగు సెకన్లు రెప్ప వాలితే దగ్గర దగ్గర 67 మీటర్లు ఎవరూ నడపని లారీ పోయిందన్నమాట. రాత్రి రెండు నుంచి అయిదు దాకా ఒళ్లు నిద్రే కోరుతుంది. టీ తాగినా, పాట పెట్టినా, మొహం కడుక్కున్నా అది కాసేపటి మాట. గొప్ప లైన్ డ్రైవర్లుగా పేరుపడ్డవాళ్లని చూస్తే నిద్ర ఆపుకోవడంలో వాళ్ల గొప్ప ఏమీ ఉండదు. ఎక్కడ పడుకోవాలో ముందే తెలుసుకుని పెట్టుకోవడంలో ఉంటుంది. దీపాలున్న పెట్రోలు బంకు, నాలుగు లారీలు ఆగే ధాబా, డీజిల్ ట్యాంకు వెలుతురు వైపు ఉండేట్టు పార్కింగు. కళ్లు మండకముందే అక్కడికి చేరిపోవాలి. చేరి పడుకున్నందుకు ఆలస్యమైందని ఫోనులో మాట పడాల్సి వస్తుంది. ఆ మాట పడి కూడా పడుకోగలిగినవాడికి నేను దండం పెడతాను.

కాగితాల పనీ ఉంది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక సరిహద్దుల్లో పన్నుల చెక్‌పోస్టుల దగ్గర వరసలు పోయాయి. వాటి బదులు ఈ-వే బిల్లు వచ్చింది. 2021 జనవరి నుంచి మామూలు సరుకుకి 200 కిలోమీటర్లకి ఒక రోజు గడువు. విశాఖ నుంచి రాయపూర్‌కి పాత దారిన 595 కిలోమీటర్లు, అంటే మూడు రోజులు. టైరు పగిలినా, ఘాట్‌లో ఇరుక్కున్నా ఆ గడువు మనసులో మెదులుతూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు బాధ చెప్పాలి. ఈ రెండు విద్యలూ నేర్పిన బడి క్లీనరు సీటు. పదహారు పదిహేడేళ్లకి ఎక్కిన కుర్రాడు టైర్లు కొట్టి, పట్టా కట్టి, గురువు తిట్లు తిని, ఏళ్ల తరబడి గేర్ల చప్పుడు వినీ వినీ స్టీరింగ్ మీదికి వచ్చేవాడు. ఆ వయసు పిల్లలు పనిలో ఉండకూడదు, అందులో రెండో మాట లేదు. కానీ ఆ సీటులో ఒక పెద్దవాణ్ణి కూడా ఇవాళ చూడలేకపోతున్నాం. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధనను 2018లో సడలించారు. క్లీనర్లూ తగ్గిపోయారు. లైన్ మీద ఒక్కడే పోతున్నాడు. రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు, అయిదు గంటలకి మించి ఏకబిగిన నడపకుండా అరగంట విశ్రాంతి, ఒక రోజు పనికీ మర్నాడు పనికీ మధ్య 9 గంటల ఎడం అని 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం రాసింది. పక్కన రెండో మనిషి లేకుండా ఆ గంటలని పాటించేది ఎవరు, చూసేది ఎవరు? 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లో ఏసీ తప్పనిసరి చేశారు. మంచి పని, మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. అయితే చల్లటి క్యాబిన్లోనూ నిద్ర వస్తుంది. పక్క సీటు ఖాళీ ఖాళీగానే ఉంది.

అందుకని, ఏది ఎంచుకోవాలని కుర్రాళ్లు అడిగితే నా మాట ఇది. ముందు లోకల్ చెయ్యండి. తక్కువదని కాదు, పక్కన నిలబడి తప్పు చెప్పేవాళ్లు ఇంకా మిగిలి ఉన్న చోటు అదొక్కటే కాబట్టి. యార్డులో వెనక్కి పెట్టడం తప్పితే పదిమంది అరుస్తారు, మళ్లీ పెట్టొచ్చు. సుంకి దిగుడులో తప్పితే చెప్పేవాడు లేడు, మళ్లీ అనే మాట లేదు. ఎడమ అద్దం చూడటం, గాలి ముల్లు చూడటం, ఆఖరి ట్రిప్పులో కూడా లాకు మీద చెయ్యి వెయ్యడం ఒంటబట్టాక లైన్ మీదికి పోండి. కొందరికి లోకల్‌లోనే మనసు నిలుస్తుంది. పదే పదే అదే పని శ్రద్ధగా చెయ్యడంలో తృప్తి దొరికేవాళ్లు వాళ్లు, పోర్టుకి వాళ్లే వెన్నెముక. ఒంటరితనాన్ని ఓర్చుకుని, తన నిర్ణయం తనే తీసుకోవాలనుకునేవాళ్లకి లైన్ సరిపడుతుంది. పిల్లలు పెద్దవాళ్లవుతున్నారనో, మోకాళ్లు నొప్పులనో లైన్ నుంచి లోకల్‌కి తిరిగొచ్చేవాళ్లు మాత్రం అది విశ్రాంతి అనుకుని రాకూడదు. ఏళ్ల తరబడి కొండలు దిగినవాడికి కూడా ట్రైలర్ తోక మొదటి రోజు మాట వినదు. ఊళ్లో క్లచ్చు తొక్కే కాలికి లైన్‌లో కన్నా ఎక్కువ పని.

ఈ రెంటి మధ్య గీత కూడా జరగబోతోంది. 2022 నవంబరు 12న విశాఖలో ప్రధానమంత్రి ఒకే వేదిక మీద రెండు రోడ్లకి శంకుస్థాపన చేశారు. ఒకటి కాన్వెంట్ జంక్షన్ నుంచి షీలానగర్‌కి పోర్టు బండ్ల కోసం ప్రత్యేకంగా వేసేది, రెండోది రాయపూర్-విశాఖ ఆరు వరుసల కారిడార్‌లో ఆంధ్ర భాగం. ఆ కారిడార్ పూర్తయితే రాయపూర్ 464 కిలోమీటర్ల దూరానికి వస్తుంది. కేశ్‌కాల్ కొండల్లో సొరంగం ఉంది. ఘాట్ తప్పుతుంది, గంటలు తగ్గుతాయి. డ్రైవరుకి మేలే. అయినా నేరుగా ఉన్న రోడ్డు మీద నిద్ర ఘాట్ కన్నా పెద్ద ప్రమాదం అవుతుంది. లైన్ విద్యలో బరువు బ్రేకు నుంచి కళ్ల మీదికి మారుతుంది.

లారీ యజమానులకి ఒక విన్నపం. కొత్త కుర్రాడికి లైన్ బండి తాళం ఇచ్చే ముందు, సాలూరు ఘాట్ లోడుతో దిగి ఉన్న పాత డ్రైవర్ని కొన్ని ట్రిప్పులు అతని పక్కన కూర్చోబెట్టండి. ఆ పెద్దాయన బత్తా దగ్గర పొదుపు చెయ్యకండి.